ఇఫ్‌కి నంబర్లెందుకు?

మా పక్క ఫ్లాట్ అమ్మాయి పదో తరగతి చదువుతోంది. పరీక్షల ముందు అప్పుడప్పుడు ఇంగ్లీషు గ్రామర్ నోట్సు పట్టుకుని మా ఇంటికి వస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువల్స్ రాస్తాను కాబట్టి నాకు గ్రామర్ బాగా వచ్చని వాళ్ళమ్మ నమ్మకం. మొన్న వచ్చినప్పుడు ఒక పాత మోడల్ పేపర్ల పుస్తకం ఉందా అని అడిగింది. అది ముందురోజే పాత పేపర్లతో పాటు అమ్మేశాం. ఆ మాట చెప్తే, "అయ్యో, నిన్న చెప్పుంటే నేనొచ్చి తీసుకెళ్ళేదాన్ని కదంకుల్" అంది. సరే, ఇదే మాట ఇంగ్లీషులో చెప్పు చూద్దాం అన్నాను. కాసేపు ఆలోచించి, "ఇది ఏ టైపు అంకుల్?" అంది.

ఆమె నోట్సులో ఇలాంటి షరతు వాక్యాలకి, అంటే ఇంగ్లీషు గ్రామర్లో కండిషనల్స్‌కి, ఒక పేజీ నిండా పట్టిక ఉంది. ఇఫ్ వైపు నీలం సిరా, ఫలితం చెప్పే మెయిన్ క్లాజు వైపు ఎర్ర సిరా. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు టైపులు. ఒక్కోదానికీ ఒక ఫార్ములా, దాని కింద తరతరాలుగా వస్తున్న ఉదాహరణ. మంచుని వేడిచేస్తే కరుగుతుంది. కష్టపడితే పాసవుతావు. నేను పక్షినైతే ఎగిరేవాణ్ణి. ఖాళీలు పూరించమంటే ఆ పిల్ల ఒక్కటీ తప్పు పెట్టదు. ఇఫ్ వెనకాల హాడ్ కనిపించిందంటే అవతల వుడ్ హావ్ రాసేస్తుంది, వాక్యం చదవాల్సిన పని కూడా లేదు. కానీ అప్పుడే తన నోటి నుంచి ఏ తడబాటూ లేకుండా వచ్చిన మాటని ఇంగ్లీషులో అనాలంటే ముందు దానికి నంబరు కావాలి. నంబరు తెలిస్తే ఫార్ములా గుర్తొస్తుంది, ఫార్ములా గుర్తొస్తే మాట వస్తుంది. ఈలోపు ఎదుటివాళ్ళు లిఫ్టెక్కి వెళ్ళిపోతారు.

ఈ నంబర్ల పద్ధతి తెలుగు పిల్లలకి మేలు కంటే చేటే ఎక్కువ చేస్తోందని నా అభిప్రాయం. కండిషనల్స్‌కి కావలసిన సరుకు చాలావరకు వాళ్ళు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఉంది. దాన్ని బయటికి తీసి చూపిస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం నిజంగానే కష్టం. అది ఎక్కడ, ఎందుకు కష్టమో చెప్పడానికి కూడా తెలుగే పనికొస్తుంది.

రెండు పీరియడ్లు, మధ్యలో గోడ

హైస్కూల్లో తెలుగు వ్యాకరణంలో చేదర్థకం, అంటే షరతుని చెప్పే క్రియ, చెబుతారు. వస్తే, తింటే, చదివితే. దాని పక్కనే అప్యర్థకం, అంటే 'అయినా సరే' అనే అర్థమిచ్చేది. వచ్చినా, తిన్నా, చదివినా. పిల్లలు వాటిని గుర్తుపట్టి, పేరు రాసి, మార్కు తెచ్చుకుంటారు. గంట కొడతారు. తర్వాతి పీరియడ్లో ఇంగ్లీషు టీచరు వచ్చి బోర్డు మీద ఇఫ్ క్లాజ్ అని రాస్తారు. ఇందాకటి పాఠమూ ఈ పాఠమూ ఒకే సంగతి గురించని ఆ గదిలో ఎవరూ అనరు. తెలుగు మాస్టారికి ఇంగ్లీషు జోలి అక్కర్లేదు. ఇంగ్లీషు టీచరు క్లాసులో తెలుగు మాట ఎత్తితే చాలా ప్రైవేటు బళ్ళలో ప్రిన్సిపాల్ ఊరుకోరు.

ఇంగ్లీషు నేర్పేటప్పుడు తెలుగు వాడితే పిల్లలకి మనసులో అనువాదం చేసుకునే అలవాటు పడుతుందని, ఇంగ్లీషులోనే ఆలోచించడం రావాలని వాదించేవాళ్ళున్నారు. ఇంట్లో, బయటా ఇంగ్లీషు వింటూ పెరిగే పిల్లల విషయంలో ఆ మాట నిజం కావచ్చు. బడి గేటు దాటితే ఇంగ్లీషు చెవిన పడని పిల్ల వద్దన్నా కాదన్నా తెలుగులోంచే వెళ్తుంది. దారి ఎవరైనా చూపిస్తే సరైన దారిలో వెళ్తుంది, చూపించకపోతే తనకి తోచిన దారిలో వెళ్తుంది. తెలుగు వద్దని మనం అనుకున్నంత మాత్రాన ఆమె బుర్రలోంచి తెలుగు పోదు.

ఇప్పటి మాటకి గడిచిన కాలం

"ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ కార్." పిల్లలు మొదట గింజుకునేది ఇక్కడ. డబ్బు లేనిది ఇప్పుడు, కొనాలని ఉన్నదీ ఇప్పుడే. మరి హావ్ ఉండాల్సిన చోట హాడ్ ఎందుకొచ్చింది? అడిగితే వచ్చే జవాబు, "రూలంతే, రాసుకోండి."

ఇదే మాట మనమెలా అంటామో చూడండి. "నా దగ్గర డబ్బుంటే ఇప్పుడే కొనేవాణ్ణి." ఈ కొనేవాణ్ణి అన్నది ఏ కాలం? "చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రోజూ చెరువుకి వెళ్ళేవాళ్ళం" అన్నప్పుడు వచ్చే రూపమే ఇది. గడిచిపోయిన రోజుల్లో అలవాటుగా జరిగినదాన్ని చెప్పే క్రియ. దాని పక్కన 'ఇప్పుడే' పెట్టి మాట్లాడతాం, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు. "రేపు కూడా సెలవైతే ఎంత బావుండేది" అంటాం. రేపటి సంగతికి బావుండేది! లేనిదాన్ని, జరగనిదాన్ని చెప్పడానికి గడిచిన కాలం క్రియని అరువు తెచ్చుకునే పద్ధతి మనకీ ఉంది. మనం దాన్ని రూలు అనుకోం, అంతే.

నాకు ఇంకా బాగా నచ్చేది వుడ్ సంగతి. "వెన్ వుయ్ వర్ కిడ్స్, వుయ్ వుడ్ గో టు ద లేక్ ఎవ్రీ డే" అంటే వెళ్ళేవాళ్ళం. "ఇఫ్ వుయ్ హాడ్ టైమ్, వుయ్ వుడ్ గో" అన్నా వెళ్ళేవాళ్ళం. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒక్క క్రియారూపంతో అవే రెండు పనులు చేయించుకుంటున్నాయి. మా పక్కింటి అమ్మాయికి ఇది చెప్పి, నువ్వే రెండు వాక్యాలు చెప్పమన్నాను. "తాతయ్య రోజూ రాత్రి కథలు చెప్పేవాడు" అంది. తర్వాత కాస్త ఆగి, "తాతయ్య ఉంటే ఇది కూడా చెప్పేవాడు" అంది. రెండూ ఇంగ్లీషులో పెట్టి చూసుకుని, "రెంటికీ వుడ్డేనా!" అని నోట్సులో పట్టిక పక్కన మార్జిన్లో రాసుకుంది.

గడిచిన కాలం అంటే ఎప్పుడూ నిన్నా మొన్నా అనే కాదని, దూరం అని కూడా అని చెబితే పదో తరగతి పిల్లలకి అర్థం కాకుండా పోదు. కాలంలో దూరం ఒకటి, నిజానికి దూరం ఇంకొకటి. మర్యాద కోసం జరిగే దూరం కూడా ఉంది. "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సంథింగ్" అనే మనిషి నిన్నటి కోరిక గురించి చెప్పడం లేదు. మనమూ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నానండీ" అంటాం. అనుకున్నది ఆ క్షణంలోనే.

ఈ నంబర్లు లేకపోతే వ్యాకరణమే లేదని అనుకునేవాళ్ళకి ఒక మాట. రాడ్నీ హడల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ రాయగా 2002లో కేంబ్రిడ్జి వాళ్ళు వేసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో కండిషనల్స్‌ని ముఖ్యంగా రెండుగానే విడదీశారు. ఓపెన్, రిమోట్. అవునో కాదో తేలనిది మొదటిది, నిజానికి దూరంగా జరిపి చెప్పేది రెండోది. ఈ రెండింటినీ తెలుగు పిల్లవాడు బడికి రాకముందే వేరుచేయగలడు. "వానపడితే ఆడుకోను" అన్నప్పుడు పడుతుందో లేదో తెలియదు. "వాన పడకపోయుంటే ఆడుకునేవాణ్ణి" అన్నాడంటే పడిందన్నమాట.

నంబర్లు నేర్చినవాళ్ళకి ఓ వాక్యం ఇచ్చి చూడండి. "ఇఫ్ హి లెఫ్ట్ ఎట్ సిక్స్, హి మస్ట్ బి హోమ్ బై నౌ." ఆరింటికే బయల్దేరుంటే ఈపాటికి ఇంటికి చేరి ఉండాలి. బయల్దేరాడో లేదో మనకి తెలియదు, బయల్దేరే ఉండొచ్చు. ఇది ఓపెన్. లెఫ్ట్ అన్నది మామూలు గడిచిన కాలమే, సాయంత్రం ఆరింటి సంగతి. పట్టికలో దీనికి చోటు లేదు. మా పక్కింటి అమ్మాయి లెఫ్ట్ చూడగానే సెకండ్ టైపు అని తేల్చేసి, మస్ట్ బి కొట్టేసి వుడ్ బి రాసింది. సరిగ్గా ఉన్న వాక్యాన్ని ఫార్ములా కోసం పాడుచేసింది. ఫార్ములాని నమ్మే పిల్ల కాబట్టే అలా చేసింది, తెలివి తక్కువై కాదు.

పక్షి ఉదాహరణ గురించి కూడా ఒక మాట అనాలి. ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్. ఇన్నేళ్ళలో పక్షినైతే అని నాతో అన్నవాళ్ళెవరూ లేరు. హైదరాబాదులో ఏ పెళ్ళికి వెళ్ళినా వినపడే మాట వేరే ఉంది. "అప్పట్లో మాదాపూర్‌లో ఆ రెండొందల గజాలు కొనుంటే ఇవాళ మన పరిస్థితి వేరేలా ఉండేది." పట్టికలో దీన్ని మిక్స్‌డ్ అని చివర్న, పరీక్షకి రాదన్నట్టు చిన్న అక్షరాలతో పెడతారు. మన ఇళ్ళలో అన్నింటికంటే ఎక్కువగా వాడే కండిషనల్ అదే.

మన 'తే' చేసే అల్లరి

తెలుగు చూపిస్తే చాలు, అన్నీ వచ్చేస్తాయని నేననడం లేదు. తెలుగు తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. నాకున్న అసలు సందేహాలు అక్కడివే.

మొదటిది, మన 'తే' ఇఫ్ కంటే చాలా ఎక్కువ పనులు చేస్తుంది. "నేను వెళ్తే వాడు ఇంట్లో లేడు." ఇందులో షరతు ఏముంది? వెళ్ళడం జరిగింది, లేకపోవడమూ జరిగింది. "పిలిస్తే వచ్చాను" అంటే పిలిచారు కాబట్టి వచ్చాను. పైన నేనే "ఆ మాట చెప్తే, అయ్యో అంది" అని రాశాను. తంతే బూరెల గంపలో పడ్డవాడు నిజంగానే తన్నులు తిన్నాడు, నిజంగానే గంపలో పడ్డాడు. వీటన్నిటికీ ఇఫ్ పెడితే "ఇఫ్ ఐ వెంట్ టు హిజ్ హౌస్, హి వాజ్ నాట్ దేర్" లాంటి వాక్యాలొస్తాయి. పిల్లల కాంపోజిషన్లలో ఇవి కనిపిస్తూనే ఉంటాయి. టీచరు ఎర్ర గీత గీసి వెన్ అని దిద్దుతారు గానీ ఎందుకో చెప్పరు. జరిగిపోయిందని ఖాయంగా తెలిసిన 'తే'కి ఇఫ్ రాదు అని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది.

రెండోది ఇంకా లోతైనది. వస్తే అనే క్రియకి కాలం లేదు, మనిషీ లేడు. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్ళు వస్తే. నిన్నైనా రేపైనా అదే వస్తే. కాలం మోసేదంతా వాక్యం చివరి క్రియే. ఇంగ్లీషులో ఇఫ్ తర్వాత వచ్చే క్రియకి కాలం ఉండి తీరాలి. ఏ కాలం పెట్టాలో తెలుగు చెప్పదు. అప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? పక్క క్లాజులో ఉన్నదాన్నే తెచ్చి ఇక్కడా పెడతాడు. "ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్." మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు క్లయింటుకి రాసిన మెయిల్లో "ఇఫ్ యు వుడ్ హావ్ సెంట్ ద ఫైల్ ఎర్లియర్" అని ఉంది. ఇంజనీరింగులో మంచి మార్కులు వచ్చినవాడే, థర్డ్ కండిషనల్ ఫార్ములా అడిగితే గడగడా అప్పజెప్పాడు. మెయిల్ రాసేటప్పుడు ఎవరూ ఫార్ములా తలచుకోరు కదా. అమెరికాలో మామూలు మాటల్లో ఇలా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, రాతలో మాత్రం దాన్ని తప్పుగానే చూస్తారు. దీనికి నాకు తోచిన మందు ఒకటే. విల్, వుడ్ రెండూ షరతు పక్కకి రావు, ఫలితం పక్కనే ఉంటాయి. దీనికీ మినహాయింపులున్నాయి. "ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్" అన్నప్పుడు ఆ విల్ భవిష్యత్తు కాదు, దయచేసి ఆగుతారా అనే మర్యాద. పదో తరగతికి అంత వివరం అక్కర్లేదు.

మూడోదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. "నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి." ఇప్పుడు తెలియదు, అందుకే చెప్పడం లేదు అనా? అప్పుడు తెలియలేదు, అందుకే చెప్పలేదు అనా? తెలుగులో రెండూ అవుతుంది. రెండో అర్థానికి "తెలిసుంటే" అనొచ్చు గానీ అనకపోయినా తప్పు లేదు, చివరి చెప్పేవాణ్ణి మాత్రం మారదు. మనం ఒకే అరలో పెట్టుకునేదాన్ని ఇంగ్లీషు రెండు అరల్లో పెడుతుంది. ఇఫ్ ఐ న్యూ, ఐ వుడ్ టెల్ యు. ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యు. ఫార్ములా అంతా వచ్చినా మన పిల్లలు సెకండ్ ఏదో థర్డ్ ఏదో తేల్చుకోలేకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఇక్కడ తెలుగు మీద ఆధారపడితే కుదరదు. లేనిది ఇప్పుడా, లేకపోయింది అప్పుడా అని ప్రతిసారీ తనని తాను అడుగుకోవాల్సిందే.

అయితే ఆ ప్రశ్నకి కూడా నంబరు అక్కర్లేదు. 2019 వరల్డ్ కప్ సెమీఫైనల్ తీసుకోండి. మాంచెస్టర్‌లో గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌట్ అయ్యాడు, న్యూజీలాండ్ మీద 18 పరుగుల తేడాతో ఓడిపోయాం. "ధోనీ రనౌట్ కాకపోయుంటే గెలిచేవాళ్ళం." రనౌట్ అప్పుడే అయిపోయింది, ఓటమీ అప్పుడే అయిపోయింది. కాబట్టి ఒకవైపు హాడ్, రెండోవైపు వుడ్ హావ్. మాదాపూర్ స్థలం సంగతిలో కొనకపోవడం అప్పటిది, పరిస్థితి ఇవాళ్టిది. ఒకవైపు హాడ్ బాట్, రెండోవైపు వుడ్ బి. ఏ క్లాజుకి ఆ క్లాజు విడిగా అడుగుకుంటే మిక్స్‌డ్ అనే అయిదో గడి తనంతట తానే మాయమైపోతుంది.

వస్తే తప్ప

అన్‌లెస్ విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. ప్రతి గైడులోనూ అన్‌లెస్ అంటే ఇఫ్ నాట్ అని ఉంటుంది. పిల్లవాడు ఇఫ్ నాట్ అంటే రాకపోతే, చదవకపోతే అని మనసులో అనుకుంటాడు. 'లేదు' అన్నది ఆ మాటలో వినపడుతోంది కాబట్టి ఇంగ్లీషులోనూ పెడతాడు. "అన్‌లెస్ యు డోంట్ వర్క్ హార్డ్, యు వోంట్ పాస్." బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టుకోమని ఇచ్చే వాక్యాల్లో ఇదో పాత చుట్టం. గైడు చెప్పిన అర్థమే ఈ తప్పుకి తల్లి.

మనకి దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది. "నువ్వొస్తే తప్ప నేను వెళ్ళను." అన్‌లెస్ యు కమ్, ఐ వోంట్ గో. వస్తే అన్నదాంట్లో 'లేదు' లేదు, కమ్ అన్నదాంట్లోనూ లేదు. "చదివితే తప్ప పాసవ్వవు." దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు డోంట్ దూరడానికి సందే ఉండదు. తెలుగు వాడొద్దనే బళ్ళు పిల్లలకి నష్టం చేస్తున్నాయనడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

అప్యర్థకం కూడా ఇలాగే. "వాన పడినా వెళ్తాను", "వాన పడినా వెళ్ళాను." పడినా మారలేదు, చివరి క్రియ మారింది. మొదటిదానికి ఈవెన్ ఇఫ్, రెండోదానికి ఈవెన్ దో. ఈవెన్ ఇఫ్‌కీ ఈవెన్ దోకీ తేడా ఏమిటని అడిగే డిగ్రీ పిల్లల్ని కూడా చూశాను. వెళ్తాను, వెళ్ళాను తేడా వాళ్ళకి తెలియదా ఏమిటి?

మార్కుల సంగతి

ఇదంతా నా స్నేహితురాలికి చెప్పాను. హైదరాబాదు శివార్లలో ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. డిగ్రీలో మేం ఒకే బ్యాచ్. అంతా విని, "నీకేం, ఒక్క పిల్లని కూర్చోబెట్టుకుని చెప్తావు. నాకు సిలబస్ అవ్వాలి. పట్టిక బట్టీ పడితే మా పిల్లలకి ఆ రెండు మార్కులు ఖాయం. నీ తాతయ్య కథలకి మార్కులెవడిస్తాడు?" అంది.

ఆ మాట కొట్టిపారేయలేను. ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాకా వచ్చిన పిల్లకి ఫార్ములా ఒక భరోసా. అర్థం కాకపోయినా పేపరు మీద ఏదో రాయగలదు. పట్టిక చింపెయ్యమని నేనూ అనడం లేదు. అది మొదటి రోజు బోర్డు మీదికి ఎక్కకూడదంటున్నాను. ముందు వాళ్ళ నోటి మాటల్లోంచి కొనేవాణ్ణి, వచ్చేదాన్ని ఏరి, అక్కడ వుడ్ పెట్టించి, ఇప్పుడా అప్పుడా అని అడిగించి, చివర్న కావాలంటే పట్టిక వేయించొచ్చు. అప్పుడు వాళ్ళకి ముందే తెలిసినదాన్ని పట్టిక వరసలో పెడుతుంది. ఇదంతా ఒక పీరియడ్ పని కూడా కాదు. ఇప్పుడు అదే పట్టికని ఎనిమిదిలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి, పదిలో ఒకసారి, ఆ తర్వాత కోచింగ్ సెంటర్లో డబ్బు కట్టి ఇంకోసారి చెప్పించుకుంటున్నారు. ఆ టైమంతా ఎవరి లెక్కలో వేయాలి?

దానికి ఆమె ఒప్పుకోనూ లేదు, కాదనా లేదు. "మా క్లాసులో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, వాళ్ళకి నీ కొనేవాణ్ణి ఎలా చెప్పను?" అంది. ఉర్దూలోనూ ఇదే ఉంది. "పైసా హోతా తో ఖరీద్‌తా." ఆ ఖరీద్‌తా "వో రోజ్ ఖరీద్‌తా థా"లో ఉన్నదే, ఇప్పటి లేమికీ అప్పటి లేమికీ అక్కడా ఒకటే రూపం. కాబట్టి ఆ పిల్లలూ మన పిల్లలు ఆగే చోటే ఆగుతారు, వాళ్ళకీ అదే ప్రశ్న పనికొస్తుంది. ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు కూడా నలుగురైదుగురు ఉన్నారట. ఒడియాలో ఈ మాట ఎలా అంటారో ఆ పిల్లల్నే అడిగి బోర్డు మీద రాయించమన్నాను. "అది చూద్దాంలే" అంది. అన్‌లెస్ మాత్రం సోమవారమే వస్తే తప్పతో మొదలుపెడతానంది, పేపర్లో ఎలాగూ వస్తుంది కాబట్టి.